క్రిమిని బతికుండగానే పంపాలి

2020లో ముక్కులో పుల్ల పెట్టించుకున్న మనిషి లేని ఇల్లు మన ఊళ్లలో తక్కువ. పీపీఈ సూట్లో చెమటకు తడిసి ముద్దయిన ల్యాబ్ టెక్నీషియన్ ఆ పుల్లను లోపలిదాకా పోనిచ్చి, నాలుగైదు చుట్లు తిప్పి, తీసి, ఓ చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ముంచి, గీత ఉన్నచోట పుటుక్కున విరిచి మూత బిగించేవాడు. గొట్టంలో గులాబీ రంగు నీళ్లు. మన ధ్యాసంతా పుల్ల మీదే ఉండేది, ముక్కు మంట అలాంటిది మరి. ఆ నీళ్లేమిటని అడిగినవాళ్లు అరుదు.

ఆ రంగు ఫినాల్ రెడ్ అనే సూచికది. నీళ్లలో ఆమ్లం పెరిగితే పసుపు రంగుకు తిరుగుతుంది, లోపల ఏదో పాడైందని చెబుతుంది. మిగతాదంతా కొలిచి కలిపిన లవణాలు, కాస్త ప్రొటీను, బ్యాక్టీరియా గానీ బూజు గానీ పెరక్కుండా మందులు. ల్యాబ్ వాళ్లు వీటీఎం అంటారు, అంటే వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం. వైద్యచరిత్ర రాసినవాళ్లు మైక్రోస్కోపు గురించి, టీకాల గురించి పుస్తకాలకు పుస్తకాలు నింపారు. రోగి గొంతుకూ ల్యాబ్ బల్లకూ మధ్యనున్న దారి గురించి రాసింది మాత్రం చాలా తక్కువ. ఆ దారి కథలో మొదటి మజిలీ ఒక మందుల దుకాణం.

1892లో జర్మనీ రేవుపట్నం హాంబర్గ్‌లో కలరా చెలరేగింది. అక్కడ ఓడెక్కిన వలసజనం దిగేది న్యూయార్క్‌లో. నగర ఆరోగ్యశాఖ హడలిపోయి, ఆ సెప్టెంబరులోనే ఆగమేఘాల మీద బ్యాక్టీరియాలజీ విభాగం పెట్టి, డాక్టర్ హెర్మన్ బిగ్స్‌కు అప్పగించింది. భయపడినంత కలరా ఊళ్లోకి రాలేదు. ల్యాబ్ మాత్రం మిగిలింది. మరి దానికేం పని చెప్పాలి? నగరంలో పసిపిల్లల్ని ఊపిరాడకుండా చేసి చంపుతున్న రోగం ఒకటి ఉండనే ఉంది. అదే డిఫ్తీరియా, మన పెద్దలు కంఠసర్పి అన్నది.

దాని క్రిమిని 1883లో ఎడ్విన్ క్లెబ్స్ చూశాడు. మరుసటేడు ఫ్రెడరిక్ లోఫ్లర్ దాన్ని గడ్డకట్టించిన సీరం మీద విడిగా పెంచి చూపించాడు. క్రిమి దొరికింది కానీ డాక్టరు కష్టం తీరలేదు. గొంతులో తెల్లటి పొర కనిపిస్తే అది కంఠసర్పో, మామూలు గొంతునొప్పి ముదిరిందో కంటితో తేల్చలేడు. తేల్చాలంటే ల్యాబ్ కావాలి. బిడ్డేమో ఏ ఐదో అంతస్తులోనో, ఇరుకు గదిలోనో జ్వరంతో పడి ఉంటుంది.

1893లో విలియం పార్క్ అనే యువ వైద్యుడు ఈ చిక్కుకు చెప్పిన జవాబు ఓ చిన్న చెక్కపెట్టె. అందులో రెండు గాజుగొట్టాలు, రెంటికీ దూది బిరడాలు. ఒకదాంట్లో చివర దూది చుట్టిన సన్నటి ఇనుప ఊచ, వేడితో శుద్ధి చేసి ఉంచినది. రెండోదాంట్లో ఏటవాలుగా గడ్డకట్టించిన సీరం. పక్కనే రోగి పేరు, వయసు, చిరునామా నింపడానికి అచ్చు కాగితం. ఈ పెట్టెలను నగరంలోని మందుల దుకాణాల్లో ఉంచారు. డాక్టరు ఏ ఖర్చూ లేకుండా ఒకటి తీసుకెళ్లి, బిడ్డ గొంతులో దూది రాచి, అదే దూదిని సీరం మీద మెల్లగా రుద్ది, పెట్టెను తిరిగి దుకాణంలో ఇచ్చేస్తే చాలు. సాయంత్రం ఆరోగ్యశాఖ మనిషి వచ్చి పెట్టెలన్నీ ఏరుకుపోతాడు. రాత్రంతా ఒంటివేడిలో ఇంక్యుబేటర్లో ఉంచి, పొద్దున రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మధ్యాహ్నానికల్లా డాక్టరుకు కబురు.

ఇందులో అసలు తెలివి ఏమిటంటే, పార్క్ క్రిమిని ల్యాబ్‌కు ప్రయాణం కట్టించలేదు, ల్యాబ్‌లోని సీరం గొట్టాన్నే రోగి మంచం దగ్గరికి పంపాడు. ఒక నగరం ఉచితంగా, రోజువారీగా ఇలా రోగనిర్ధారణ చేసిపెట్టడం అప్పటికి కొత్త. కంఠసర్పి అనుకున్న గొంతుల్లో చాలావాటిలో ఆ క్రిమే లేదని తేలింది. జ్వరం తగ్గి ఆడుకుంటున్న పిల్లల గొంతులో కొన్నాళ్లు క్రిమి బతికే ఉంటుందనీ తేలింది. 1894లో అదే ల్యాబ్‌లో అన్నా విలియమ్స్ అనే వైద్యురాలు ఒక తేలికపాటి కేసు గొంతు నమూనా నుంచి విషం బాగా ఊరించే క్రిమిజాతిని వేరుచేసింది. ఆ సమయంలో పార్క్ సెలవులో ఉన్నాడు. అయినా దాని పేరు 'పార్క్-విలియమ్స్ 8' అయింది, పై అధికారి పేరు ముందు పడటం అక్కడా ఆనవాయితీయే. మన పిల్లలకు వేసే డీపీటీ లాంటి టీకాల్లో కంఠసర్పి భాగాన్ని ప్రపంచంలో చాలా సంస్థలు ఇప్పటికీ ఆ జాతితోనే చేస్తున్నాయి.

న్యూయార్క్ ఎంత పెద్దదైనా ఒక్క ఊరు. రాత్రికి రాత్రి పెట్టెలు ల్యాబ్ చేరతాయి. అదే మద్రాసు ప్రెసిడెన్సీ అయితే?

1941 నాటి ప్రెసిడెన్సీ అంటే ఉత్తరాన విశాఖపట్నం జిల్లా నుంచి దక్షిణాన తిరునల్వేలి దాకా, పడమట మలబారు దాకా. కోస్తా జిల్లాలు, రాయలసీమ అన్నీ అందులోవే. పెద్ద ల్యాబ్ మద్రాసు పక్కన గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. మశూచి టీకాల తయారీ కోసం పుట్టిన ఆ సంస్థకు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ.జి. కింగ్ పేరు పెట్టారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏ పల్లెలోనైనా వాంతులు, విరేచనాలు మొదలైతే అది కలరా అవునో కాదో తేల్చాలి. అక్కడి నుంచి నమూనా గిండీకి చేరాలంటే బండి మీద కొంత, రైలు మీద కొంత, మన ఎండలో.

కలరా క్రిమి రోగి కడుపులో ఉన్నంతసేపే వీరుడు. బయటికొచ్చాక ఎండితే చస్తుంది, ఆమ్లం తగిలినా చస్తుంది. మలంలో దానితోపాటు పేగుల్లోని మామూలు బ్యాక్టీరియా కోట్లకొద్దీ ఉంటుంది. వెచ్చటి సీసాలో ఆ మంద గంటల్లో రెట్టింపులు పెరిగి, ఆమ్లం పుట్టించి, కలరా క్రిమిని తొక్కేస్తుంది. నమూనా గిండీకి చేరేసరికి అందులో ఉండాల్సింది తప్ప అన్నీ ఉంటాయి.

ఆ సంస్థలో పనిచేసిన కె.వి. వెంకట్రామన్, సి.ఎస్. రామకృష్ణన్ 1941లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక చిన్న వ్యాసం అచ్చువేశారు. వాళ్ల ద్రావణంలో ముఖ్య సరుకు సముద్రపు ఉప్పు. శుద్ధిచేసిన సోడియం క్లోరైడ్ కూడా కాదు, నౌపడలోనో చినగంజాంలోనో మడుల్లో పండేలాంటి కల్లుప్పు, లీటరుకు 20 గ్రాములు. దానికి బోరిక్ ఆమ్లం, పొటాషియం క్లోరైడ్, కాస్టిక్ సోడాలతో గట్టి క్షారగుణం తెప్పించారు, పీహెచ్ 9.2 దాకా. ఆ క్షారంలో మిగతా పేగు బ్యాక్టీరియా తలెత్తలేదు. కలరా క్రిమికి మాత్రం క్షారం హాయి, ఉప్పు ఇబ్బంది లేదు. తర్వాత వాడుకలోకి వచ్చిన తేలిక రూపంలో లీటరు నీటికి 20 గ్రాముల సముద్రపు ఉప్పు, 5 గ్రాముల పెప్టోను, పీహెచ్ 8.6 నుంచి 8.8. కొద్దిగా మలం గానీ మలద్వారం నుంచి తీసిన స్వాబ్ గానీ ఇందులో వేసి స్క్రూమూత బిగిస్తే ఐసు అక్కర్లేదు, కలరా క్రిమి వారాలు కూడా ఆగుతుంది.

కలరా క్రిమికి అసలు నెలవు నదీముఖాల ఉప్పునీరేనని అమెరికాలో రీటా కోల్వెల్ బృందం చెసాపీక్ అఖాతంలో దాన్ని పట్టి చూపింది 1977లో. గిండీ సీసా దాన్ని ఏనాడో సొంతూరి నీళ్లలో ఉంచింది. ఎంబీబీఎస్ మైక్రోబయాలజీలో ఈ పని ఒక్క లైను: 'వీఆర్ ఫ్లూయిడ్'. ఆ రెండక్షరాలను బట్టీపట్టి, పరీక్షలో రాసి, వీ ఎవరో ఆర్ ఎవరో అడక్కుండానే డాక్టర్లయినవాళ్లు ఎందరో. తెలుగు జిల్లాల కలరా సీసాలు కూడా చేరిన చోట పుట్టిన ఈ ఉప్పునీటికి మన ప్రజారోగ్య చరిత్రలో అంతకన్నా పెద్ద చోటు దక్కాలి.

ఇదే చిక్కు సెగరోగం క్రిమితో ఇంకో రూపంలో వచ్చింది. గోనోకాకస్ అనే ఆ క్రిమి మహా సుకుమారి. ఒంట్లోంచి తీశాక ఆరినా, చల్లబడినా, గాలిలోని ఆక్సిజన్ సోకినా నిలవదు. గ్లాస్గోలో ఆర్.డి. స్టూవర్ట్ 1946లో దీనికో ద్రావణం ప్రకటించాడు. తర్వాత ఆయన కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రానికి వెళ్లాడు. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య దూరాలు వందల కిలోమీటర్లు. 1954లో తోటివాళ్లతో కలిసి దానికి తుదిరూపం ఇచ్చాడు.

స్టూవర్ట్ సూత్రం వింటే మొదట వింతగా ఉంటుంది. క్రిమి బతకాలి, కాబట్టి దానికి తిండి పెట్టకూడదు! పెళ్లి విందులో అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెడితే జబర్దస్తీ చేసేవాడికే అన్నీ అందుతాయి, మొహమాటస్తుడు ఆకలితో లేస్తాడు. నమూనాలోనూ అంతే. పోషకాలుంటే మొండి బ్యాక్టీరియా పెరిగి సుకుమారిని మింగేస్తుంది. అందుకే స్టూవర్ట్ మెత్తటి అగర్ జెల్లీలో మాంసరసం, చక్కెర ఏమీ లేకుండా లవణాలే వేశాడు. ఆక్సిజన్‌ను పీల్చేయడానికి థయోగ్లైకొలేట్ చేర్చాడు. కాపలాకు మిథిలీన్ బ్లూ పెట్టాడు. ఆక్సిజన్ లేనంతవరకు ఆ రంగు కనిపించదు, గొట్టం తెల్లగా ఉంటుంది. స్వాబ్ గుచ్చినప్పుడు పైన సన్నటి నీలి పట్టీ పడితే పర్వాలేదు. వాడకముందే గొట్టమంతా నీలమెక్కి ఉంటే అది పనికిరాదని గాజులోంచే తెలిసిపోతుంది.

స్వాబ్‌ను ఆయన బొగ్గుపొడి ద్రావణంలో ముంచి నల్లగా చేశాడు. ఎందుకంటే శత్రువు ఇంట్లోనే ఉంది. పరిశుభ్రతకు మారుపేరుగా మనం చూసే దూదే క్రిముల్ని చంపుతోంది! దూది బిరడాల్లో కొవ్వు ఆమ్లాలున్నాయని ఎం.ఆర్. పొలాక్ 1948లో నేచర్ పత్రికలో రాశాడు. 1951లో మెల్‌బోర్న్‌లో రుబ్బో, బెంజమిన్ అనే ఇద్దరు దూది పుల్లల మీద క్రిములు ఎంత త్వరగా చస్తాయో లెక్కగట్టి, దూదికి సీరం పూత వేస్తే బతుకుతాయని చూపారు. యాభై అరవై ఏళ్లపాటు ల్యాబ్‌లు 'ఏమీ లేదు' అని ఇచ్చిన రిపోర్టుల్లో ఎన్ని దూది చేసిన హత్యలో ఎవరు లెక్కగట్టగలరు?

తర్వాతి మెరుగులు త్వరత్వరగా వచ్చాయి. 1964లో కారీ, బ్లెయిర్ అనే ఇద్దరు మలం నమూనాలకు క్షారగుణమున్న జెల్లీ చేశారు. 1967లో కెనడాలోనే అమీస్ అనే ఆయన, స్టూవర్ట్ జెల్లీలోని గ్లిసరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కొన్ని బ్యాక్టీరియా తిండిగా వాడుకుంటున్నాయని పట్టుకుని, దాన్నీ తీసేసి మామూలు ఫాస్ఫేట్ వేశాడు, బొగ్గును జెల్లీలోనే కలిపాడు. నేడు గాయం చీముకో గొంతుకో వాడే గొట్టంలో నల్లటి జెల్లీ కనిపిస్తే అది అమీస్‌దే.

వైరస్‌ల సంగతి వేరు. బతికిన కణం లేనిదే అవి పెరగవు, కాబట్టి తిండి బెంగ లేదు. చల్లదనం వాటికి మేలు. పుల్లే ముఖ్యం. దూది, చెక్క జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు అడ్డుపడతాయని నైలాన్, పాలిస్టర్ వచ్చాయి. ఇటలీలోని బ్రెషాలో కోపాన్ సంస్థ 2003లో పుల్ల చివర నైలాన్ నూగును నిలువుగా అతికించిన రకం తెచ్చింది. దూదిలా నమూనాను లోపల దాచుకోకుండా అది గొట్టంలోకి వదిలేస్తుంది. 2020 మార్చిలో యూరప్‌లో కరోనా మొదట విరుచుకుపడింది ఆ బ్రెషా ఉన్న లొంబార్డీలోనే. అదే నెలలో ఇటలీలోని అవియానో స్థావరం నుంచి దాదాపు 5 లక్షల స్వాబ్‌లను అమెరికా వాయుసేన విమానం టెన్నెసీలోని మెంఫిస్‌కు మోసుకెళ్లింది. అంతటి దేశం పుల్లల్ని సైనిక విమానం ఎక్కించాల్సి వచ్చింది.

మన దగ్గర పుల్లలతోపాటు వీటీఎంకూ కటకటే. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పుడు అసలు ఈ గులాబీ నీళ్లు అవసరమా అని ప్రశ్నించారు. పుల్లను పొడి గొట్టంలోనే ల్యాబ్‌కు తెచ్చి, అక్కడ కాస్త బఫర్ చేర్చి, వేడిచేసి, ఆర్‌ఎన్‌ఏను విడిగా తీసే పని కూడా లేకుండా నేరుగా పీసీఆర్‌లో పెట్టారు. కారిపోయే గొట్టాల గొడవ పోయింది, సమయం, ఖర్చు తగ్గాయి. ఐసీఎంఆర్ 2020 నవంబరులో ఈ డ్రై స్వాబ్ పద్ధతికి అనుమతి ఇచ్చింది. పీసీఆర్‌కు బతికిన వైరస్ అక్కర్లేదు, దాని జన్యుపదార్థం ఆనవాలు చాలు గనక ఇది కుదిరింది.

క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు అలా కుదరదు, అక్కడ క్రిమి బతికే ఉండాలి. అందుకే పాఠకులకు ఓ మనవి. గొంతుకో, పుండు చీముకో డాక్టరు కల్చర్ రాస్తే, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే స్వాబ్ ఇవ్వాలా అని ఆయన్నే అడగండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు డాక్టరు మందు ఆపరు, ఆపకూడదు. మిగతా సందర్భాల్లో ముందు స్వాబ్, ఆ తర్వాతే మాత్ర. ఇప్పటికే ఏదైనా మందు మింగి ఉంటే దాని పేరు దాచకండి. గొట్టం మీద మీ పేరు, తీసిన వేళ మీ ఎదురుగానే రాయించుకోండి. మీ చేతికిచ్చి పంపితే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో కనుక్కుని, దారిలో ఎక్కడా ఆగకుండా ల్యాబ్‌లో ఇచ్చి రండి.