విదేశీ ఉద్యోగ నియామక ఏజెంటు

విదేశాలలోని యజమానుల కొరకు భారతదేశంలో పనివారిని ఎంపిక చేసి పంపే వ్యక్తిని లేదా సంస్థను విదేశీ ఉద్యోగ నియామక ఏజెంటు లేదా రిక్రూటింగ్ ఏజెంటు అంటారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు చేసుకొని, ధ్రువపత్రం పొందినవారు మాత్రమే ఈ పని చేయవచ్చును. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి, ముఖ్యంగా ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, పలాస మొదలైన ఉద్దానం ప్రాంతాల నుండి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, భవన నిర్మాణ కార్మికులు గల్ఫ్ దేశాలకు, సింగపూరు, మలేషియాలకు వెళుతుంటారు. అందువలన ఈ ప్రాంత ప్రజలకు ఈ చట్టం గురించి తెలిసి ఉండుట చాలా అవసరం.

చరిత్ర

ఉత్తరాంధ్ర నుండి సముద్రం దాటి పనికి వెళ్ళడం కొత్త విషయం కాదు. బ్రిటిషు పాలనలో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీలు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి ఓడలలో బర్మా వెళ్ళేవారు. రంగూన్‌ను ఇక్కడివారు "రంగం" అనేవారు. కూలీలను సమకూర్చే మేస్త్రీ ఓడ ఛార్జీని బయానాగా ఇచ్చి, ఆ అప్పును తరువాత కూలీ నుండి మినహాయించుకొనేవాడు. అప్పు తీరేవరకు కూలీ మేస్త్రీ చెప్పుచేతలలో ఉండవలసి వచ్చేది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుకోవడంతో ఈ వలస దాదాపు ఆగిపోయింది.

1922 నాటి ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో 1983 చట్టం వచ్చింది. అది అదే సంవత్సరం డిసెంబరు 30 నుండి అమలులోకి వచ్చింది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. తోటల ఆదాయం పడిపోయిన కుటుంబాలకు బయటి సంపాదన అవసరం మరింత పెరిగింది.

నమోదు వలన ప్రయోజనం

నమోదైన ఏజెంటు ప్రభుత్వం వద్ద బ్యాంకు గ్యారంటీ ఉంచవలెను. పనివాడు విదేశంలో చిక్కుకుపోతే, అతనిని స్వదేశానికి రప్పించే ఖర్చును ఆ సొమ్ము నుండి రాబట్టవచ్చును. గ్రామాలలో తిరిగి పాస్‌పోర్టులు సేకరించే సబ్ ఏజెంట్లకు ఈ చట్టంలో గుర్తింపు లేదు. వారు బంధువులో, పరిచయస్తులో అయి ఉండవచ్చును గాని, వారి మాటకు వెనుక ఎటువంటి హామీ సొమ్మూ లేదు. నమోదు లేకుండా నియామకాలు జరిపితే రెండు సంవత్సరాల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 1983 చట్టం చెబుతున్నది. పోగొట్టుకొన్న లక్షల రూపాయలు ఈ శిక్ష వలన తిరిగి రావు. కాబట్టి డబ్బు చెల్లించుటకు ముందే విచారించుకొనుట మేలు.

ఏజెంటును ఎంచుకొనే విధానం

* ఏజెంటు పేరు, నమోదు సంఖ్య, గడువు తేదీలను విదేశాంగ మంత్రిత్వ శాఖ వారి ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవలెను.
* సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించరాదు. చెల్లింపు బ్యాంకు ద్వారా జరిపి రసీదు తీసుకోవలెను.
* యజమాని పేరు, పని, జీతం, పని గంటలు, వసతి వివరాలు గల ఒప్పందం ప్రతిని ప్రయాణానికి ముందే తీసుకొని, ఒక నకలును ఇంటివద్ద ఉంచవలెను.
* విజిట్ వీసాపై పనికి వెళ్ళరాదు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. తరగతికి చెందుతుంది. వారు సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, మలేషియా మొదలైన 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ పొందవలెను. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా దీని కింద 10 లక్షల రూపాయలు లభిస్తాయి. రెండు సంవత్సరాలకు 275, మూడు సంవత్సరాలకు 375 రూపాయలు ప్రీమియముగా నిర్ణయించారు. విజిట్ వీసాపై వెళ్ళినవారికి ఈ రక్షణ ఉండదు.

సింగపూరు, కంబోడియా వంటి దేశాలు ఈ 18 దేశాల జాబితాలో లేవు. అయినను అక్కడికి పనివారిని పంపే ఏజెంటుకు కూడా నమోదు ఉండవలసిందే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకులను కంబోడియాకు పంపి, వారిచేత బలవంతంగా సైబర్ నేరాలు చేయించిన ఉదంతం 2024 మే నెలలో విశాఖపట్నంలో బయటపడింది. నగర పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. బాధితులలో కొందరు అదే నెలలో విశాఖపట్నం తిరిగి వచ్చారు.

వీసా న్యాయవాదులు

చదువు కొరకు, వృత్తి ఉద్యోగాల కొరకు అమెరికా, కెనడా వంటి దేశాలకు వెళ్ళేవారు కొన్ని సందర్భాలలో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఆశ్రయిస్తారు. అమెరికాలో ఇటువంటి న్యాయవాది ఏదో ఒక రాష్ట్రపు బార్‌లో సభ్యుడై ఉండవలెను. ఆ బార్ వెబ్‌సైటులో పేరు వెదకి చూడవచ్చును. కెనడాకు సంబంధించి ఫీజు తీసుకొని సలహా ఇచ్చేవారు న్యాయవాదులైనా, ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల కళాశాలలో నమోదైనవారైనా అయి ఉండవలెను. ఇది పేరుకు కళాశాలే గాని, బోధన చేసే సంస్థ కాదు, నియంత్రణ సంస్థ. సాధారణ విద్యార్థి వీసాకు న్యాయవాది తప్పనిసరి కాదు. వీసా ఇచ్చే నిర్ణయం ఆయా దేశాల అధికారులదే. "వీసా ఖాయం" అని హామీ ఇచ్చే అధికారం ఏ న్యాయవాదికీ, ఏ ఏజెంటుకూ లేదు.

ఫిర్యాదులు, న్యాయ సహాయం

మోసపోయినవారు స్థానిక పోలీసు స్టేషనులోను, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోను ఫిర్యాదు చేయవచ్చును. రసీదులు, బ్యాంకు చెల్లింపుల వివరాలు, ఫోను సందేశాలు ఆధారాలుగా భద్రపరచుకోవలెను. విదేశంలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయాన్ని, లేదా విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌ను ఆశ్రయించవచ్చును.

న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేనివారికి 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఉచిత సహాయం లభిస్తుంది. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ హక్కు కలదు. మరికొన్ని వర్గాలకు తప్ప ఇతరులకు ఆదాయ పరిమితి ఉన్నది. ఇందుకొరకు శ్రీకాకుళం, విజయనగరంలలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలను, లేదా 15100 ఫోను నంబరును సంప్రదించవచ్చును.