హెచ్‌-1బీ నుంచి గ్రీన్‌కార్డు: కంపెనీ ఏం చేయాలి? మధ్యలో ఉద్యోగం మారితే ఏమవుతుంది?

హెచ్‌-1బీ మీద అమెరికాలో మీకిది నాలుగో ఏడాదా? కంపెనీ గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదలుపెట్టిందో లేదో ఇంకా తెలియదా? అయితే ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడగండి. హెచ్‌-1బీకి గరిష్ఠ గడువు ఆరేళ్లే. ఆ తర్వాత పొడిగింపు రావాలంటే పెర్మ్‌ లేదా ఐ-140 దాఖలై 365 రోజులు దాటాలి. అంటే అయిదో ఏడాది ముగిసేలోపే ఫైలు కదలాలి. మధ్యలో ఇండియాలో గడిపిన రోజులను ఆరేళ్ల లెక్క నుంచి మినహాయించమని అడగొచ్చు. అందుకే పాత బోర్డింగ్‌ పాసులు పారేయకండి.

మొదటి మెట్టు పెర్మ్‌

ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్లు దొరకలేదని కంపెనీ అక్కడి కార్మిక శాఖకు చూపించాలి. ముందు ఆ శాఖే ఆ ప్రాంతంలో ఆ పనికి ఇవ్వాల్సిన వేతనం ఎంతో నిర్ణయిస్తుంది. తర్వాత కంపెనీ రెండు ఆదివారాలు పత్రికా ప్రకటనలు ఇవ్వాలి, రాష్ట్ర ఉపాధి సంస్థలో 30 రోజులు ఖాళీని ఉంచాలి, వచ్చిన దరఖాస్తులను నిజాయతీగా పరిశీలించాలి. ఇదంతా ముగిశాకే పెర్మ్‌ దరఖాస్తు. అది దాఖలైన రోజే మీ ‘ప్రయారిటీ డేట్‌’, అంటే క్యూలో మీ టోకెన్‌ నంబరు అనుకోండి.

ఆరు నెలల్లోపు అదే తరహా ఉద్యోగుల్ని తీసేసి ఉంటే, ముందు వాళ్లకు కబురుపెట్టి పరిశీలించాలి. లేఆఫ్‌ల తర్వాత చాలా కంపెనీలు పెర్మ్‌ను ఆపేయడానికి ఇదో కారణం.

పెర్మ్‌ లాయరు ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే భరించాలన్నది నిబంధన. ‘జీతంలో కోసుకుంటాం’ అంటే ఒప్పుకోవద్దు. కొన్ని చిన్న కన్సల్టెన్సీలు దీన్ని మామూలు వ్యవహారంలా చెబుతాయి. కానే కాదు.

ఐ-140, ఆపై నిరీక్షణ

పెర్మ్‌ వచ్చాక 180 రోజుల్లోపు కంపెనీ యూఎస్‌సీఐఎస్‌ వద్ద ఐ-140 వేయాలి. మాస్టర్స్‌, లేదా డిగ్రీతో పాటు అయిదేళ్ల అనుభవం అవసరమైన ఉద్యోగమైతే ఈబీ-2, డిగ్రీ చాలనుకుంటే ఈబీ-3.

అసలు చిక్కు ఇక్కడే. ఉద్యోగ కోటాలో ఏటా దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులే ఇస్తారు. భార్యాపిల్లలవీ అందులోనే లెక్క. పైగా ఒక దేశానికి సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరు. 2025 వీసా బులెటిన్లలో భారతీయుల ఈబీ-2, ఈబీ-3 తేదీలు 2012-13 దగ్గరే కదులుతూ కనిపించాయి. ఇవాళ క్యూలో చేరేవారికి ఇది ఎంత దూరమో మీరే ఊహించుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. క్యూ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. మీరు గుంటూరులో పుట్టినా, మీ భార్య కువైట్‌లో పుట్టి ఉంటే ఆమె పుట్టిన దేశం కోటాలో ఇద్దరూ వెళ్లొచ్చు. గల్ఫ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు తక్కువేం లేరు కదా, లాయరుకు ఈ సంగతి ముందే చెప్పండి.

ఐ-140 ఆమోదమై మీ తేదీ ఇంకా రాకపోతే హెచ్‌-1బీని మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. హెచ్‌-4 మీద ఉన్న మీ జీవిత భాగస్వామి పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ వెసులుబాటు 2015లో వచ్చింది.

ఉద్యోగం మారితే?

ఐ-140 ఆమోదానికి ముందే మారితే దాదాపు మొదటికొచ్చినట్లే. ఆమోదం వచ్చాక మారితే కొత్త కంపెనీ పెర్మ్‌, ఐ-140 మళ్లీ చేయాల్సిందే గానీ పాత ప్రయారిటీ డేట్‌ మీకే ఉంటుంది. మోసం, తీవ్రమైన పొరపాటు వంటివి బయటపడితే తప్ప పోదు. ఆమోదమై 180 రోజులు దాటితే పాత కంపెనీ ఐ-140ని ఉపసంహరించుకున్నా, దాని ఆధారంగా ఆరేళ్ల పైన పొడిగింపు కోరొచ్చు. రాజీనామా తేదీ ఖరారు చేసే ముందు ఈ 180 రోజులు లెక్కపెట్టుకోండి.

ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు అంతకన్నా ముందే తీరితే అప్పటివరకే. ఆలోగా మరో కంపెనీ మీ తరఫున హెచ్‌-1బీ దరఖాస్తు వేయాలి, లేదా మీరు వేరే హోదాకు మారాలి. అలాంటి రోజున పాత ఆఫీసు మెయిల్‌ తెరుచుకోదు. అందుకే ఐ-140 ఆమోదపత్రం నకలు, కనీసం రసీదు నంబరు, ఇప్పుడే ఇంట్లో పెట్టుకోండి.

మీ తేదీ వచ్చినప్పుడు వేసేది ఐ-485. ఏ పట్టిక ప్రకారం తీసుకుంటారో యూఎస్‌సీఐఎస్‌ ప్రతి నెలా ప్రకటిస్తుంది. అది 180 రోజులు పెండింగ్‌లో ఉంటే, అదే తరహా పనిలోకి కంపెనీ మారినా పెర్మ్‌ మళ్లీ అక్కర్లేదు.

పిల్లల వయసు మాత్రం చూసుకోండి. 21 నిండితే మీ దరఖాస్తులో వాళ్లకు చోటుండదు. ఐ-140 పరిశీలనలో గడిచిన రోజులను వయసులోంచి తీసేస్తారు గానీ, క్యూలో గడిచిన ఏళ్లను తీసేయరు. ఇంట్లో పదిహేనేళ్లు దాటిన పిల్లలుంటే, ఇండియాలో కాలేజీయా, అక్కడే విద్యార్థి వీసాయా అన్న విషయం లాయరుతో ఇప్పుడే మాట్లాడండి.