లిస్టన్ ఎందుకు లేవలేదు?

1965 మే 25న, మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ పట్టణంలో, మొదటి రౌండులోనే మహమ్మద్ అలీ కుడిచేతి దెబ్బకు సానీ లిస్టన్ నేలకూలాడు. ఆ దెబ్బ చాలామంది ప్రేక్షకులకు కనిపించనేలేదు. రిఫరీ జెర్సీ జో వాల్కాట్ అంకెలు సరిగా లెక్కపెట్టలేదు. లిస్టన్ లేచి మళ్ళీ తలపడ్డాక, గడువు ఎప్పుడో దాటిందని రింగు పక్కనున్న పత్రికా సంపాదకుడు నాట్ ఫ్లైషర్ చెప్పడంతో పోటీ ఆగిపోయింది. లిస్టన్ అమ్ముడుపోయాడన్న మాట ఆనాడే పుట్టింది.

ఆర్కన్సాలో నిరుపేద పాలేరు కుటుంబంలో పుట్టిన లిస్టన్‌కు పుట్టినతేదీ కూడా నిశ్చయంగా తెలియదు, చదువు రాదు. దోపిడీ నేరానికి మిస్సోరి జైలుకు వెళ్ళి, అక్కడే బాక్సింగ్ నేర్చాడు. విడుదలయ్యాక అతని ఒప్పందాలు నేరముఠాల చేతుల్లోకి పోయాయి. 1962లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను ఒక్క రౌండులో ఓడించి ఛాంపియన్‌గా ఫిలడెల్ఫియాకు తిరిగొస్తే, విమానాశ్రయంలో స్వాగతానికి జనమే లేరు. దారి పొడుగునా మననం చేసుకున్న నాలుగు మాటలూ లోపలే ఉండిపోయాయి.

1964లో మయామీ బీచ్‌లో భుజం నొప్పని ఏడో రౌండుకు లేవలేదు. అది నటన అన్నవారు వైద్యులు గాయాన్ని ధ్రువీకరించిన సంగతి మరిచిపోతారు. లూయిస్టన్ అంత తేలికగా తెగదు. ముఠాల పేరు చెప్పి తేల్చేయడం సులువే; కానీ డబ్బు చేతులు మారిందనడానికి రుజువు దొరకలేదు. లిస్టన్ కూడా ఒకచోట ఒకలా, మరోచోట మరోలా చెప్పాడు.

1971 జనవరి 5న లాస్ వేగాస్ ఇంట్లో భార్య జెరాల్డిన్ అతని శవాన్ని చూసింది. అధికారులు సహజ మరణమన్నారు. సూదిని చూస్తేనే బెదిరే మనిషి ఒంట్లో హెరాయిన్ ఆనవాళ్ళు ఎలా వచ్చాయని మిత్రులు అడిగారు.