బాహుదా తీరాన ఒక మామిడిపండు: పండుగ రాత్రుల అల్లరి, దాన్ని సమాజాలు సరిదిద్దిన తీరు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కొంతకాలం క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సభ్యురాలైన ఒక వృద్ధురాలు మమ్మల్ని ఆపి, అమెరికాలో పెరుగుతున్న తన మనుమని కోసం ప్రార్థన చేయమని కోరారు. అక్టోబరు 31 రాత్రి, హాలోవీన్ పండుగనాడు, ఆ పదమూడేళ్ల పిల్లవాడు స్నేహితులతో కలిసి వీధులు తిరిగాడట. ఆ గుంపు వెళ్లిన దారిలో ఒక ఇంటి తలుపు మీద, కారు మీద కోడిగుడ్లు పగిలి ఉన్నాయి. ఇంటివారు ఈ పిల్లవాడి పేరే చెప్పారు. తాను విసరలేదని వాడు ఏడ్చాడు. తండ్రి ఏడాదిపాటు గడప దాటనివ్వనన్నాడు. పిల్లలన్నాక అల్లరి చేయరా అని తల్లి వెనకేసుకొచ్చింది. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. "ఈడ ఉన్నింటే కాణిపాకం కోనేట్లో మునిగించి నిజం చెప్పించి ఉందును గదయ్యగారూ" అని ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు.

క్రైస్తవ విశ్వాసంలో ముదిమి చేరిన ఆ తల్లి నోట కాణిపాకం మాట రావడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా అది ఊతపదమే. అయితే ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. యౌవనుల ఆగడాన్ని ఎలా సరిదిద్దాలన్న ప్రశ్నకు హాలోవీన్ చరిత్రలోను, మన నేలమీది పండుగల చరిత్రలోను ఏ జవాబులు లభిస్తాయో ఈ వ్యాసంలో పరిశీలించడానికి ప్రయత్నించాము.

1. పరిశుద్ధుల పండుగ అల్లరి రాత్రిగా మారిన విధం

హాలోవీన్ అనే పేరుకు సకల పరిశుద్ధుల పండుగకు ముందురాత్రి అని అర్థం. 8వ శతాబ్దిలో మూడవ గ్రెగొరీ పోపు రోములో పరిశుద్ధుల పేరిట ఒక ప్రార్థనా మందిరాన్ని ప్రతిష్ఠించాడు. 9వ శతాబ్దిలో నాలుగవ గ్రెగొరీ కాలానికి నవంబరు 1 పండుగ పశ్చిమ ఐరోపాలో విస్తరించింది. నవంబరు 2న మృతులను స్మరించే ఆచారం క్లూనీ మఠం నుండి వ్యాపించింది. మన తెలుగు సంఘాలలో అనేకులు ఆ రోజునే సమాధుల పండుగగా పాటించి, సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మార్టిన్ లూథరు 1517లో తన 95 సిద్ధాంతాలను వెలువరించినది కూడా అక్టోబరు 31ననే.

ఐర్లాండు, స్కాట్లాండులలో ఈ రోజులు కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే సంధికాలం. సౌఇన్ అనే పూర్వపు పండుగ కూడా అప్పుడే వచ్చేది. ఆ రాత్రి మృతుల ఆత్మలు తిరుగుతాయన్న భయం, ముసుగులు వేసుకున్న కుర్రకారు హాస్యం ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. గేట్లు ఊడదీసి దూరాన పారవేయడం, పొగగొట్టాలు మూసివేయడం, తలుపులకు క్యాబేజీలు విసరడం వారి అల్లరి. ఏమి జరిగినా నెపం దయ్యాలమీద పెట్టవచ్చు. 19వ శతాబ్దిలో వలసవెళ్లినవారితో ఈ ఆచారం అమెరికా చేరింది. అందరూ అందరికీ తెలిసిన పల్లెలో సాగిన హాస్యం, ఎవరెవరో తెలియని పట్టణాలలో కిటికీల అద్దాలు పగలగొట్టే విధ్వంసమయింది.

2. మన పండుగలలోని అల్లరి

ఇది పాశ్చాత్యుల జబ్బు, మనకు లేదు అని కొందరు బోధకులు చెప్పగా విన్నాము. చరిత్ర ఆ మాటను సమర్థించదు. భోగి తెల్లవారుజామున మంటకోసం కుర్రవాళ్లు ఊరిలోని కంచెకట్టెలు, విరిగిన మంచాలు, కొన్నిచోట్ల విరగని మంచాలు కూడా ఎత్తుకుపోయిన సంగతి పెద్దలందరికీ తెలుసు. రాత్రి తమ కట్టెలమోపును కాపలా కాసిన ముసలివారు మా చిన్ననాట ఉండేవారు.

భాద్రపద శుద్ధ చవితి ఇంకా దగ్గరి ఉదాహరణ. ఆ రాత్రి చంద్రుణ్ణి చూసినవారికి నీలాపనిందలు వస్తాయని నమ్మకం. పొరపాటున చూసినవాడు పొరుగింటి కప్పుమీద రాయి వేసి, వారిచేత తిట్లు తింటే దోషం తీరిపోతుందని మన పల్లెలలోను చెప్పుకుంటారు. ఉత్తర భారతంలో ఇదే చవితిని రాళ్ల చవితి అని పిలిచేవారు. అక్కడి ఆచారాలను సేకరించిన ఆంగ్లేయ అధికారి విలియం క్రూక్ 19వ శతాబ్ది చివరలో దీనిని నమోదు చేశాడు. బెంగాలులో ఆ రాత్రి కుర్రవాళ్లు ఇతరుల తోటలలో పండ్లు దొంగిలించేవారు.

చవితినాడు చదివే వ్రతకథ కూడ ఒక వెక్కిరింతతోనే మొదలవుతుంది. కడుపు బరువుతో అవస్థపడుతున్న వినాయకుణ్ణి చూసి చంద్రుడు నవ్వాడు. చంద్రుణ్ణి చూసినవారందరూ నిందపాలు కావాలని పార్వతి శపించింది. ఏ తప్పూ చేయనివారు కూడ దాని పాలపడగా దేవతలు వేడుకున్నారు, శాపం ఏడాదికి ఒక్క రాత్రికి తగ్గింది. ఆ రాత్రి పాలలో చంద్రబింబాన్ని చూసిన శ్రీకృష్ణుడు శమంతకమణిని దొంగిలించాడన్న నింద మోయవలసి వచ్చింది. ఆయన అడవికి వెళ్లి, ఆనవాళ్లు పట్టుకుని, మణిని తెచ్చి సత్రాజిత్తుకు అప్పగించిన తరువాతనే ఆ నింద తొలగింది. ఈ కథను చరిత్ర విద్యార్థిగా చదివినప్పుడు రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకని నవ్వుకు లోకమంతటినీ శిక్షించడం తగదని కథ తానే ఒప్పుకుంటున్నది. అల్లరి జరిగిన రాత్రి చేయనివానిమీద నేరం పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందని హెచ్చరిస్తున్నది.

3. కాణిపాకం చెప్పే సంగతి

ఐరాల మండలంలోని కాణిపాకం చిత్తూరు పట్టణానికి సుమారు 11 కిలోమీటర్ల దూరాన బాహుదానది ఒడ్డున ఉన్నది. 11వ శతాబ్దిలో కుళోత్తుంగ చోళుడు అక్కడ ఆలయం నిర్మించాడని, తరువాత విజయనగర పాలకులు విస్తరింపజేశారని ప్రసిద్ధి. వినాయక చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాలు 21 రోజులు జరుగుతాయి. కోనేటిలో మునిగి, తడిబట్టలతో దేవుని ఎదుట నిలబడి చేసే ప్రమాణానికి ఆ క్షేత్రం పేరుపొందింది. అక్కడ అబద్ధమాడినవానికి మేలు జరగదన్న భయంతో దొంగతనాల తగవులు, అప్పుల తగవులు దారిలోనే తీరిపోయిన సందర్భాలను ఈ ప్రాంతంవారు చెప్పుకుంటారు.

ఆ నదికి బాహుద అనే పేరు రావడానికి చెప్పే కథ మన అంశానికి మరీ దగ్గరిది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. స్థలపురాణం ప్రకారం వారు కాణిపాకానికి నడిచి వస్తుండగా తమ్ముడు ఆకలికి తాళలేక, అన్న వద్దన్నా వినక, ఒక తోటలో మామిడిపండు కోసుకుతిన్నాడు. అన్న ఈ సంగతి రాజుకు తెలియజేశాడు. రాజు తమ్ముని రెండు చేతులూ నరికించాడు. ఆలయం దగ్గరి నదిలో మునగగానే అతని చేతులు తిరిగి వచ్చాయి. బాహువులను ఇచ్చింది గనుక నది బాహుద అయింది.

మహాభారతం శాంతిపర్వంలో వ్యాసుడు ధర్మరాజుకు చెప్పిన కథలో మరికొన్ని వివరాలున్నాయి. అక్కడ తోట అన్న ఆశ్రమంలోనిదే. అడగకుండా తీసుకున్నావు గనుక ఇది దొంగతనమని చెప్పి, అన్న తమ్ముణ్ణి స్వయంగా రాజు దగ్గరకు వెళ్లి ఒప్పుకోమన్నాడు. సుద్యుమ్న రాజు క్షమిస్తానన్నా లిఖితుడు దండననే కోరాడు. చేతులు తిరిగి వచ్చిన తరువాత, ఇంత శక్తి ఉన్నవాడవు ముందే నన్ను ఎందుకు శుద్ధి చేయలేదని తమ్ముడు అడిగాడు. దండించే అధికారం తనది కాదని, రాజు తన ధర్మం నెరవేర్చడం వలన రాజు, తమ్ముడు ఇద్దరూ పవిత్రులయ్యారని శంఖుడు జవాబిచ్చాడు.

ఒక పండుకు రెండు చేతులు! వినేవారి మనస్సు నొచ్చుకోకమానదు. అయితే కథ ఆ మొండిచేతుల దగ్గర ఆగలేదు, ఆగలేకపోయింది. నరికిన చేతులను నది తిరిగి ఇచ్చేవరకు నడిచింది. ఇందులో మూడు మెట్లున్నాయి: తప్పును తప్పని నోటితో ఒప్పుకోవడం, అధికారం గలవారి ఎదుట దాని ఫలితాన్ని భరించడం, చివరకు పూర్ణుడై తన అన్న దగ్గరకు తిరిగి రావడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసివేసినా కథ కుంటుపడుతుంది.

ఇటువంటి తోట మన సంఘచరిత్రలోనూ ఉన్నది. ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే ఊరిలో పదహారేళ్ల అగస్టీను స్నేహితులతో కలిసి రాత్రివేళ పొరుగువారి బేరిపండ్లు దొంగిలించాడు. ఆకలికి కాదు, ఎక్కువ భాగం పందులకు వేశారు. బిషపు అయిన తరువాత వ్రాసిన 'కన్ఫెషన్స్' రెండవ భాగంలో ఆయన ఈ చిన్న దొంగతనాన్ని ఎంతో దీర్ఘంగా పరీక్షించాడు. తాను ఒంటరిగా ఉంటే ఆ పని చేసి ఉండేవాణ్ణి కానని గుర్తించాడు. గుంపులో ఉన్న పిల్లవాడు గుంపు చేసే పని చేస్తాడు. పండుగ రాత్రి అల్లరిని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క గుర్తింపు ఎంతో ఉపకరిస్తుంది.

4. అమెరికా పట్టణాల అనుభవం

ఇప్పుడు పైన చెప్పిన మెట్లను మనస్సులో ఉంచుకుని, హాలోవీన్ విధ్వంసాన్ని అమెరికా పట్టణాలు ఎదుర్కొన్న తీరు చూద్దాము. కాన్సాస్ రాష్ట్రంలోని హయావాత పట్టణంలో ఎలిజబెత్ క్రెబ్స్ అనే గృహిణి తోటను పిల్లలు ఏటా హాలోవీన్ రాత్రి తొక్కి పాడుచేసేవారు. ఆమె 1913లో తన సొంత ఖర్చుతో పిల్లలకు విందు, ఆటలు ఏర్పాటు చేశారు. వారు అలసిపోతే తోట జోలికి రారని ఆమె ఆశ. తోటకు నష్టం తప్పలేదు. మరుసటి సంవత్సరం ఊరందరినీ కలుపుకుని వేషాల పోటీ, ఊరేగింపు జరిపించారు. ఆ తరువాత అల్లరి తగ్గింది. ఒక్క ఇల్లు చేయలేని పని ఊరు చేసిందన్నమాట.

మిన్నెసోటా రాష్ట్రంలోని అనోక పట్టణం 1919 హాలోవీన్ మరునాడు నిద్రలేచేసరికి పెద్దవీధిలో ఆవులు తిరుగుతున్నాయి. కిటికీలకు సబ్బు పూసి ఉన్నది. 1920లో ఊరిపెద్దలు పిల్లలనే కలుపుకుని ఊరేగింపు, మిఠాయిల పంపకం, చలిమంట ఏర్పాటు చేశారు. నిన్నటివరకు వీధి పాడుచేసినవారికి ఆ వీధిలో నడిచే గౌరవం దొరికింది.

1950లో ఫిలడెల్ఫియా ప్రాంతపు ప్రెస్బిటేరియన్ కాపరి క్లైడ్ అల్లిసన్, ఆయన భార్య మేరీ ఎమ్మా ఇంకొక మార్గం చూపారు. ఇంటింటికీ వెళ్లే పిల్లలు మిఠాయిలతోపాటు లోకంలోని నిరుపేద పిల్లలకోసం చిల్లర కూడా అడగాలన్నారు. మొదటి ఏడాది యునిసెఫ్‌కు పంపినది 17 డాలర్లు మాత్రమే. ఆ ఉద్యమం తరువాత దేశమంతటా వ్యాపించింది.

అన్ని కథలూ ఇంత మృదువుగా లేవు. డెట్రాయిట్‌లో హాలోవీన్ ముందురాత్రిని దయ్యపు రాత్రి అనేవారు. 1984లో ఆ మూడు రోజులలో 800కు పైగా ఇళ్లు, చెత్తకుప్పలు, వాహనాలు తగులబడ్డాయి. పరిశ్రమలు మూతపడి, జనం వెళ్లిపోయి, ఇళ్లు పాడుపడిన నగరమది. అక్కడ దానిని పిల్లల చిలిపితనమని కొట్టివేయడం బాధితులకు అన్యాయం చేయడమే. పిల్లలకు రాత్రి బయట తిరగరాదన్న ఆంక్షలు విధించారు. 1995 నుండి వేలాది పౌరులు దేవదూతల రాత్రి అనే పేరుతో తమ వీధులకు తామే కాపలా కాశారు. మంటలు తగ్గాయి. 2017 తరువాత ఆ కాపలా ఏర్పాటును నగరం ముగించింది. అక్కడ పోలీసులతోపాటు ఇరుగుపొరుగువారు కూడ వీధిలో నిలబడడం వల్లనే ఫలితం కనిపించింది.

5. సంఘ పరిచర్యకు కొన్ని సూచనలు

లేఖనాలను కూడ ఈ వెలుగులో చదవాలి. ఎలీషాను గేలిచేసిన బాలురను ఎలుగుబంట్లు చీల్చిన వృత్తాంతాన్ని (2 రాజులు 2:23-24) పిల్లలను భయపెట్టడానికి వాడుకునే అలవాటు మన ప్రసంగాలలో ఉన్నది. అయితే ధర్మశాస్త్రం నష్టం విషయంలో చెప్పే నియమం వేరు. నిప్పు అంటించినవాడు కాలిన పంటకు నష్టం ఇచ్చుకోవాలి (నిర్గమకాండము 22:6). జక్కయ్య విషయంలోనూ అదే జరిగింది. నష్టం తిరిగి చెల్లిస్తానని నిలబడి చెప్పినవానిని ప్రభువు అబ్రాహాము కుమారుడని పిలిచాడు (లూకా 19:8-9). మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం 18వ సెక్షను కూడ బాలునికి మందలింపు, సలహా, సమాజసేవ వంటి మార్గాలను బోర్డు ఎదుట ఉంచుతుంది.

ప్రభువు ఒట్టుపెట్టుకొనవద్దని చెప్పాడు గనుక (మత్తయి 5:33-37) మనము కోనేటి ప్రమాణం చేయించము. అయినా నిజం నోటితో చెప్పించడం మొదటి మెట్టు అన్న పాఠాన్ని కాణిపాకం పొరుగువారినుండి నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. కాపరులు మూడు విషయాలు జ్ఞాపకముంచుకోవాలని మా మనవి. మొదటిది, విచారణకు ముందే ఎవరినీ దోషి అనకూడదు. ఒకనికోసం గుంపునంతటినీ వెలివేయకూడదు. రెండవది, శిక్ష నష్టానికి సరిపోవాలి. చేతులతో పాడుచేసినది చేతులతోనే బాగుచేయించాలి. మూడవది, శిక్ష ముగిసే రోజు ఏదో ముందే చెప్పాలి. ముగింపు లేని శిక్ష పిల్లవానికి మొండిచేతులే మిగులుస్తుంది.

ముగింపు

ఆ వృద్ధురాలి మనుమని సంగతి చెప్పి ముగిస్తాము. ఆమె కోరికపై మేము ఫోనులో తండ్రితో మాట్లాడాము. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, శిక్ష సంగతి ఎత్తకుండా, ఆ రాత్రి మొదటినుండి జరిగినది చెప్పమని అడగమన్నాము. వారం తరువాత తెలిసినదేమంటే, వాడు గుడ్లు విసరలేదన్న మాట నిజమే. కానీ గుడ్ల పెట్టె మోసినవాడు వాడే. విసరలేదు గనుక తప్పు లేదని వాడు అనుకున్నాడు. పేరు చెప్పారు గనుక విసిరినవాడే అని ఇంటివారు అనుకున్నారు. తండ్రి వెంటనే రాగా వాడు ఆ ఇంటికి వెళ్లి పెట్టె సంగతి ఒప్పుకున్నాడు. తలుపు కడిగాడు. ఇంటాయన వాడిని రెండు శనివారాలు వచ్చి వాకిట రాలిన ఆకులు ఊడ్వమన్నాడట.

రెండవ శనివారం పని ముగిసిన తరువాత ఆయన వాడిని లోపలికి పిలిచి తమతో కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. అవ్వ ఆ మాట చెప్పినప్పుడు ఈసారి కళ్లు తుడుచుకోలేదు. "పిల్లోడు మళ్లా మనింటోడైనాడయ్యగారూ" అన్నారు.