గొర్రె అరుపు, నాణెం మీది అక్షరం

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు హాస్య నాటకకర్త క్రటీనస్ గొర్రె అరుపును బీటా, ఈటా అక్షరాలతో రాశాడు. ఆ అక్షరాలను నేటి గ్రీకువాళ్లు పలికే తీరున చదివితే ‘వీ వీ’ అని వినిపిస్తుంది. ఏ గొర్రే అలా అరవదు. ఆనాడు బీటా అచ్చంగా బకారం; ఈటా నోరు బాగా తెరిచి పలికే దీర్ఘ ఏకారం.

గ్రీకులు తమ లిపిని ఫినీషియన్ల నుంచి తెచ్చుకున్నారు. అందులో అచ్చులకు గుర్తులు లేవు. తమ నోట పలకని హల్లుల గుర్తులను వాళ్లు అచ్చులకు కేటాయించారు. మనలాగే వాళ్లకూ ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. అయినా ఏథెన్సు తన శాసనాల్లో దీర్ఘాలకు ఈటా, ఒమేగాలను అధికారికంగా స్వీకరించింది క్రీ.పూ. 403లోనే.

హల్లుల్లో థీటా, ఫై, ఖై మహాప్రాణాలు. రోమన్లు ఫైని మొదట్లో ఉత్త పకారంతో రాసి, తర్వాత దానికి హకారం జోడించారు. ఎఫ్ అక్షరం చేతిలో ఉండీ వాడలేదు. నన్ను ఇంకా కదిలించే సాక్ష్యం మన దిక్కునే ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో బాక్ట్రియాను ఏలిన అగాథోక్లీస్ తన నాణేల్లో కొన్నిటి మీద ఒకవైపు గ్రీకులో, మరోవైపు బ్రాహ్మీలో పేరు వేయించాడు. థీటా ఉన్నచోట బ్రాహ్మీలో చెక్కింది ‘థ’. బ్రాహ్మీ థకారమంటే గుండ్రటి గీత, నడుమ చుక్క. మన ‘థ’ కడుపులో ఆ చుక్క ఇంకా ఉంది.

క్రీస్తు శకంలో ఆ ఒత్తులు సడలి ఊష్మాలయ్యాయి. అచ్చులదీ అదే దారి: ఈటా, ఉప్సిలాన్, కొన్ని సంయుక్త స్వరాలు అన్నీ క్రమంగా ‘ఈ’లో కలిసిపోయాయి. ‘మేము’, ‘మీరు’ అనే మాటలు రెండూ ‘ఇమీస్’ అయిపోయేసరికి, ‘మీరు’కు ‘ఎసీస్’ అనే కొత్త మాట వచ్చింది.

బైజాంటియం పండితులు పశ్చిమ ఐరోపాకు నేర్పింది ఈ మారిన పలుకునే. ఒక్కో అక్షరానికి ఒకప్పుడు తనదైన ధ్వని ఉండేదని డచ్ పండితుడు ఎరాస్మస్ 1528లో వాదించాడు. కేంబ్రిడ్జ్ ఛాన్సలర్ స్టీఫెన్ గార్డినర్ 1542లో ఆ పాత ధ్వనులతో పలికే పద్ధతిని నిషేధించి శిక్షలు ప్రకటించాడు. నిషేధం నిలవలేదు. అయినా ఫైని మాత్రం ఇప్పటికీ చాలా బడుల్లో ఎఫ్‌గానే పలుకుతారు. ‘ఫలం’ అనే మాటను రెండు పెదవులూ కలిపి, ఒత్తి పలికి చూడండి. సోక్రటీసు ‘ఫిలొసొఫియా’ అన్నప్పుడు పలికిన ఫకారం అది.