మగ్గం గుంట నుండి బడి సంచి దాకా

నేతగాని ఇంట పుట్టిన బిడ్డకు వెన్ను వంగటం ఏ వయసున మొదలయిందన్న ప్రశ్నకు మన చరిత్ర గ్రంథాలలో సమాధానం దొరకదు. వలసలను, మరమగ్గాలను, బట్ట గజాలను లెక్కించిన వారు పిల్లల నడుములను లెక్కలోకి తీసుకొనలేదు. అయితే వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి సూరత్ చేరిన పద్మశాలీ కుటుంబాల వృత్తి జీవితాన్ని పరిశీలిస్తే, ఆ చరిత్ర రేఖామాత్రంగా కనబడుతుంది.

గుంటమగ్గం పెద్దవాని కొలతకు తవ్వినది. అంచున కూర్చున్న బాలుని పాదాలు తొక్కుడుచెక్కలను అందుకొనవలెనంటే నడుము ముందుకు జారవలసిందే. అంతకు ముందే కండెలు చుట్టటంలో వాని శిక్షణ ఆరంభమయ్యేది. చిటికి కట్టే చీరలకు ఆసు పోయటం మరింత శ్రమ. ఒక్క చీరకు చేతిని సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది. తల్లి లక్ష్మి భుజాల నొప్పిని చిన్ననాటి నుండీ చూసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి, దానికి ఆమె పేరే పెట్టినారు. 2017లో వారికి పద్మశ్రీ లభించింది. వృత్తి వల్ల దేహానికి కలిగే బాధను విధిలిఖితంగా గాక, పరికరంలోని లోపంగా చూడటమే ఆ కృషిలోని విశేషమని నా అభిప్రాయం.

శాసనాల దృష్టి మాత్రం చాలాకాలం ఇంటి గడప దాటలేదు. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టరాదన్నది. పన్నెండేళ్ళ లోపు వారికి రోజుకు 9 గంటల పరిమితి విధించింది. 1948 చట్టం కనీస వయసును 14కు పెంచింది. 1986 నాటి బాలకార్మిక చట్టం బట్టల నేతను నిషిద్ధ ప్రక్రియలలో చేర్చినది గాని, యజమాని తన కుటుంబ సాయంతో నడుపుకొనే పనిశాలను మినహాయించింది. మన నేతపిల్లలలో ఎందరో పనిచేసింది ఆ మినహాయింపు నీడలోనే! 2016 సవరణ కూడ, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తులలో బడి వేళల తరువాత పిల్లల సాయాన్ని అనుమతించింది.

సూరత్‌లో నేత ఇల్లు విడిచి మరమగ్గాల షెడ్డుకు చేరింది. లింబాయత్ వంటి పేటలలో స్థిరపడిన తెలుగువారి పిల్లలకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతూ వచ్చింది. గుంట పోయింది, సంచి వచ్చింది.

ఆ సంచి గూర్చి ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో చేసిన ప్రసంగం ప్రసిద్ధం. బరువుకు ముందుకు వంగి, చేతులు వేలాడేసి నడిచే పిల్లల రూపాన్ని ఆ నవలాకారుడు సభ కళ్ళకు కట్టించినారు. దరిమిలా 1992లో ఏర్పడిన యశ్‌పాల్ సంఘం, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో సంచి బరువు కన్న అర్థం కాని చదువు బరువే ఎక్కువని తేల్చింది. అది యథార్థమే, కాని వెన్నుకు తగిలే బరువు మాత్రం కిలోలలోనే ఉంటుంది. ఒకటి, రెండు తరగతులకు 1.5 కిలోలు, పదవ తరగతికి 5 కిలోలు మించరాదని 2018లోను, సంచి పిల్లవాని బరువులో పదవ వంతు దాటరాదని 2020లోను కేంద్రం సూచించింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించటం అవసరం. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రీ, పిల్లల అవయవాల వంకరలను సరిదిద్దే విద్యకు ‘ఆర్థోపెడీ’ అని పేరు పెట్టిన నాటి నుండి, సరిగా కూర్చోకపోవటమే సర్వ దోషాలకు మూలమన్న నమ్మకం బలపడింది. కాని కౌమారంలో వెన్ను పక్కకు ఒరిగే జబ్బుకు సంచి గాని, కూర్చునే తీరు గాని కారణం కాదని నేటి వైద్యులు చెప్పుదురు. భుజాలు ఎత్తుపల్లాలుగా కనబడితే మందలింపు కాదు, వైద్య పరీక్ష కావలె. వంగి గంటలకొద్దీ కదలక కూర్చొనటం వల్ల వచ్చే నొప్పి, బిగువు వేరు. వాటిని చాలవరకు నివారింపవచ్చును.

అందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. పాదాలు నేలకు ఆనేటట్లు, బల్ల మోచేతి ఎత్తున ఉండేటట్లు చూడటం, సంచిని రెండు భుజాలకూ తగిలించటం, అరగంటకొకసారి లేచి తిరగటం, రోజూ ఆటలు. బడి నుండి వచ్చి తల్లి పక్కన నేలపై కూర్చుని చీరలకు టిక్కీలు అతికే బాలికకు సైతం ఇవే వర్తిస్తాయి. చీరను నేలపై గాక బల్లపై పరచవలెనని పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో చెప్పవచ్చును. ఆ సమావేశం తెలుగులో జరిగే ఊరు గనుక, ఆ తల్లికి అది నేరుగా చేరుతుంది.