సైటేషన్ల లెక్క

ఒక శాస్త్రవేత్త రాసిన పరిశోధన వ్యాసాన్ని తర్వాతివాళ్లు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారో లెక్కపెట్టి, ఆ అంకెనుబట్టి పని విలువను అంచనా కట్టే పద్ధతి ఇది. ఉల్లేఖనం, ఉదహరింపు అనే తెలుగు మాటలున్నా విశ్వవిద్యాలయాల్లో వాడుకలో నిలిచింది సైటేషన్ అన్న మాటే. ఈ రోజు ఉద్యోగానికి, పదోన్నతికి, పరిశోధన నిధులకు, కళాశాల ర్యాంకుకు ఈ లెక్క చూస్తున్నారు. పుట్టినప్పుడు మాత్రం దీని పని చాలా చిన్నది: లైబ్రరీకి వచ్చినవాడికి కావలసిన కాగితం దొరికేలా చూడటం. అప్పట్లో గుమాస్తాల సౌకర్యం కోసం పెట్టుకున్న ఏర్పాట్లే తర్వాత మనుషుల మీద తీర్పులయ్యాయి.

తొలి అడుగులు

మొదట దారి చూపింది న్యాయవాదులు. పాత తీర్పును పట్టుకుని వాదించే వకీలుకు ఆ తీర్పు ఇంకా చెల్లుతోందో, పైకోర్టు కొట్టేసిందో తెలియకపోతే కోర్టులో నవ్వులపాలవుతాడు. 1873లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఫ్రాంక్ షెపర్డ్ అనే వ్యాపారి దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఏ తీర్పును తర్వాత ఏయే కేసుల్లో ప్రస్తావించారో చిన్న చీటీల మీద అచ్చువేసి, వెనక జిగురు పూసి అమ్మాడు. వకీళ్లు వాటిని తమ లా రిపోర్టుల అంచుల్లో అంటించుకునేవారు. చీటీలు పోయి పుస్తకాలు వచ్చినా ఆయన పేరు మీద ఆ సూచిక నిలిచిపోయింది.

శాస్త్ర పత్రికల్లో ఇలాంటి లెక్క 1927లో కనబడుతుంది. కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీకి చెందిన గ్రాస్ అనే ఒకే ఇంటిపేరున్న ఇద్దరి ముందున్నది అచ్చం ఒక చిన్న కాలేజీ సమస్య: డబ్బు తక్కువ, రసాయనశాస్త్రం పత్రికలు బోలెడు, ఏవి కొనాలి? వాళ్లు అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటం ముందేసుకుని, వ్యాసాల అడుగున ఉన్న 3,633 ప్రస్తావనలను ఒక్కొక్కటే లెక్కించి, ఎక్కువసార్లు కనబడిన పత్రికలకు చందా కట్టమన్నారు. జర్మన్ పత్రికలు లేకుండా రసాయనశాస్త్రం చదవడం కుదరదన్నది కూడా ఆ లెక్కలో తేలింది. అంతకు ఏడాది ముందు ఆల్ఫ్రెడ్ లోట్కా మరో రకం లెక్క వేశాడు: ఒకే వ్యాసం రాసి ఊరుకున్నవాళ్లు వందమంది ఉంటే, రెండు రాసినవాళ్లు పాతికమంది, మూడు రాసినవాళ్లు పదకొండుమంది దాకా ఉంటారని. మన దేశం నుంచి ఎస్.ఆర్. రంగనాథన్ 1948లో ఇంగ్లండులో జరిగిన గ్రంథాలయ సమావేశంలో లైబ్రరీ పనికి గణాంకశాస్త్రాన్ని జోడించాలని చెప్పి, దానికి లైబ్రామెట్రీ అని పేరు పెట్టారు.

గార్ఫీల్డ్ సూచిక

ఈ చరిత్రలో కేంద్రస్థానం యూజీన్ గార్ఫీల్డ్‌ది (1925–2017). 1950ల మొదట్లో ఆయన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్య వ్యాసాల సూచికలు తయారుచేసే ప్రాజెక్టులో పనిచేశాడు. షెపర్డ్ సంస్థలో ఉపాధ్యక్షుడిగా చేసి దిగిపోయిన విలియం అడైర్ ఆయనకు ఉత్తరం రాసి, వకీళ్ల పద్ధతి శాస్త్రానికీ పనికొస్తుందని సూచించాడు. 1955లో సైన్స్ పత్రికలో గార్ఫీల్డ్ ఈ ప్రతిపాదనను ప్రచురించాడు. తప్పని తేలిన వ్యాసాన్ని తెలియక నమ్ముకోకుండా ఉండటానికి, ఒక ఆలోచన ఎటెటు పాకిందో చూడటానికి సూచిక ఉపయోగపడాలన్నదే అందులో ఆయన ముఖ్య ఉద్దేశం.

న్యూజెర్సీలో ఒకప్పుడు కోళ్లు పెంచిన షెడ్డును బాగుచేయించుకుని ఆయన తొలినాళ్ల వ్యాపారం నడిపాడు. 1960లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్ అన్న గంభీరమైన పేరు వచ్చింది. నోబెల్ గ్రహీత, జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ అండ దొరకడంతో ప్రభుత్వ నిధులూ కొన్ని వచ్చాయి. 1963లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తొలి సంపుటాలు వెలువడ్డాయి. 1961 సంవత్సరానికి 613 పత్రికలు, 14 లక్షల ప్రస్తావనలు, ఐదు సంపుటాలు.

ఆ సూచికలో ఒక్క పంక్తిని దగ్గర నుంచి చూస్తే చాలు, తర్వాతి కథంతా అర్థమవుతుంది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు గాఢతనుబట్టి తేల్చే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి ప్రచురించారు. జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు వాడిన పద్ధతి కాబట్టి దాన్ని వేలాది వ్యాసాలు ప్రస్తావించాయి. అచ్చు సూచికలో దాని పద్దు ఇలా ఉండేది: ఫిస్క్ సి.హెచ్., సంవత్సరం 25, పత్రిక పేరు పొట్టిగా, సంపుటం 66, పుట 375. అంతే. స్థలం ఆదాకోసం ప్రస్తావనకు వచ్చిన వ్యాసాలన్నింటినీ మొదటి రచయిత పేరు కిందే వేశారు. సుబ్బారావు పేరు వెతికితే ఆ సైటేషన్లు కనబడవు. వ్యాసం వెతుక్కునేవాడికి దీనివల్ల నష్టమేమీ లేదు. అదే పుస్తకం తెరిచి మనిషిని అంచనా కట్టబోతే మాత్రం రెండో రచయిత లేనట్టే. కంప్యూటర్లలోకి వచ్చాక ఈ లోటు చాలావరకు తీరింది.

తెలుగువాళ్ల పేర్లకు ఇంకో చిక్కుంది, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. పాశ్చాత్య సూచిక చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. అలా యల్లాప్రగడ వై అనే ఒక్క అక్షరమైంది, గణాంకశాస్త్రజ్ఞుడు కల్యంపూడి రాధాకృష్ణారావు సి.ఆర్. అనే రెండు పొడి అక్షరాలై రావుల గుంపులో చేరారు. ఆ గుంపులోనే రసాయనశాస్త్రజ్ఞుడు సి.ఎన్.ఆర్. రావూ ఉన్నారు. ఒకరి ఖాతాలో ఇంకొకరి వ్యాసాలు పడటం, ఒకే మనిషి మూడు పేర్లుగా చీలిపోవడం మామూలే. 2012 నుంచి పరిశోధకులకు 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య ఇస్తున్నది ఇందుకే.

ప్రైస్ లెక్కలు

సూచిక చేతికొచ్చాక దాన్ని శాస్త్రపు చరిత్రకారులు అందుకున్నారు. వాళ్లలో ఒకడైన డెరెక్ డి సొల్లా ప్రైస్ అంతకు చాలా ముందే, సింగపూర్‌లోని రాఫెల్స్ కాలేజీలో పనిచేస్తున్న రోజుల్లో, లైబ్రరీ భవనం ఇంకా పూర్తికాలేదని రాయల్ సొసైటీ పత్రిక పాత సంపుటాలను ఇంటికి తెచ్చుకున్నాడు. పదేళ్లకొక దొంతర చొప్పున గోడవారగా పేరిస్తే, దొంతరల ఎత్తు క్రమంగా పెరగడం మానేసి చక్రవడ్డీలా ఎగబాకుతూ కనబడింది. ఆ గోడ దగ్గర మొదలైన ఆలోచనే 1963 నాటి పుస్తకం లిటిల్ సైన్స్, బిగ్ సైన్స్ దాకా వెళ్లింది. 1965లో ఆయన గార్ఫీల్డ్ సూచికను వాడి, ఒక ఏడాదిలో చూస్తే అప్పటికి ఉన్న వ్యాసాల్లో దాదాపు 35 శాతాన్ని ఎవరూ ప్రస్తావించరని, 49 శాతానికి ఒక్కో ప్రస్తావనే దక్కుతుందని చూపించాడు. పేరున్నవాడికే పేరు వచ్చి చేరుతుందని 1968లో సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ వాదించాడు. ఉన్నమ్మకే అన్నీ అన్నట్టు.

ఎక్కువ సైటేషన్లు అంటే గొప్ప ఆవిష్కరణ అనుకునేవారికి జవాబు ఆలివర్ లౌరీ. ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద 1951లో ఆయన బృందం రాసిన వ్యాసానికి 2014 నాటికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అప్పటికి దాన్ని మించిన వ్యాసం లేదు. అదేమంత గొప్ప పేపరు కాదని లౌరీయే ఒప్పుకున్నాడు. డీఎన్ఏ నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్–క్రిక్ వ్యాసం 2014లోనే తీసిన మొదటి వంద జాబితాలో లేదు. వంటింట్లో అందరూ వాడే గరిటె లాంటివి పద్ధతి వ్యాసాలు. ఫిస్క్–సుబ్బారావు వ్యాసమూ ఆ కోవలోదే.

దీనికి తలకిందులైన ఉదాహరణ సి.ఆర్. రావుది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన ఆయన 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం రాశారు. అందులోని ఫలితాలు క్రామర్–రావు పరిమితి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అన్న పేర్లతో ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకెక్కాయి. పాఠ్యపుస్తకంలోకి ఎక్కినదానికి అడుగున ప్రస్తావన ఎవరు ఇస్తారు? పేరు మాత్రం రాసి ముందుకెళ్లిపోతారు. పని అందరి సొత్తయ్యేకొద్దీ దాని సైటేషన్లు మాయమవడాన్ని మెర్టన్ గుర్తించి, దానికో పేరు కూడా పెట్టాడు.

పత్రికకు మార్కులు

ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను గార్ఫీల్డ్, ఇర్వింగ్ షేర్ 1960ల మొదట్లో తయారుచేసుకున్నది తమ సూచికలో ఏ పత్రికలను చేర్చాలో తేల్చుకోవడానికి. మొత్తం సైటేషన్లు చూస్తే లావుపాటి పత్రికలే గెలుస్తాయి, చిన్నవి పోతాయి. అందుకని సగటు కట్టారు. గడచిన రెండేళ్లలో ఒక పత్రిక 200 వ్యాసాలు వేసి, వాటికి ఈ ఏడాది 500 సైటేషన్లు వస్తే దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5. రెండేళ్ల గడువు జీవరసాయనం లాంటి వేగంగా కదిలే రంగాలకు సరిపోతుంది. గణితంలో ఒక వ్యాసాన్ని చదివి జీర్ణించుకోవడానికే అంతకాలం పడుతుంది. 1975 నుంచి ఈ అంకెలు ఏటేటా విడిగా ప్రచురితమవుతున్నాయి. పత్రిక సగటును అందులో రాసిన మనిషికి అంటగట్టడం ఆ తర్వాత ఎక్కడికక్కడ మొదలైన అలవాటు. అది తప్పని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు, పరిశోధకులు ఒక ప్రకటనే చేశారు.

హెచ్-ఇండెక్స్

మనిషికే నేరుగా అంకె వేసినవాడు హోర్హే హిర్ష్. శాన్ డియాగోలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఆయన 2005లో దీన్ని ప్రతిపాదించాడు. ఒకరి వ్యాసాలను సైటేషన్ల వరుసలో పేర్చాలి: 40, 22, 9, 6, 5, 3 అనుకుందాం. ఐదో వ్యాసానికి ఐదున్నాయి, ఆరోదానికి ఆరు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. మొదటి వ్యాసానికి 40 బదులు 4,000 వచ్చినా 5 దాటదు. అప్పటికి హిర్ష్ చూసిన భౌతికశాస్త్రజ్ఞుల్లో అందరికన్నా పైన ఎడ్వర్డ్ విట్టెన్ ఉన్నాడు, 110తో. మంచి విశ్వవిద్యాలయంలో స్థిర ఉద్యోగానికి 12, ప్రొఫెసర్‌కు 18 ఉంటే బాగుంటుందని కూడా ఆ వ్యాసంలోనే రాశాడు. ఈ అంకె వయసుతో పాటు పెరుగుతుందే తప్ప ఎన్నడూ తగ్గదు, మరణించిన తర్వాత కూడా.

అంతకు ముందటి ఏడాదే, 2004లో, స్కోపస్, గూగుల్ స్కాలర్ వచ్చి ఉండటం దీనికి కలిసొచ్చింది. చేత్తో వేయాల్సిన లెక్క ఒక్క క్లిక్కుకు దిగింది. దొంగలెక్కకూ అంతే సులువైంది. 2010లో గ్రెనోబుల్‌కు చెందిన సిరిల్ లబ్బే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఐక్ ఆంట్‌కారే అనే లేని మనిషిని సృష్టించి, ఒకదాన్నొకటి ప్రస్తావించుకునే అర్థంలేని వ్యాసాలను యంత్రంతో రాయించి, గూగుల్ స్కాలర్‌లో అతనికి హెచ్-ఇండెక్స్ 94 వచ్చేలా చేశాడు. 2020లో హిర్ష్ స్వయంగా, తన అంకె ఇంత చెరుపు చేస్తుందనుకోలేదన్న అర్థంలో రాశాడు. 2023లో, గార్ఫీల్డ్ సూచికను ఇప్పుడు నడుపుతున్న క్లారివేట్ సంస్థ ఎక్కువ సైటేషన్లున్న పరిశోధకుల జాబితా నుంచి అనుమానం మీద వెయ్యిమందికి పైగా తప్పించి, గణితశాస్త్ర విభాగాన్నే పక్కన పెట్టింది.

మన దగ్గర

భారతదేశంలో ఈ అంకెలు ఉద్యోగ జీవితంలోకి గట్టిగా దిగింది 2010లో. యూజీసీ అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఏపీఐ మార్కుల పద్ధతి తెచ్చింది; అచ్చయిన ప్రతి పేపరుకూ ఇన్ని మార్కులని లెక్క. పేపర్లు కావాలంటే వేసేవాళ్లూ కావాలి. డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే పత్రికలు దేశమంతా పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థను 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది; సరిగ్గా సమీక్ష చేయకుండానే చేసినట్టు చెప్పుకుని పరిశోధకులను మోసం చేసిందన్నది ఆరోపణ. 2016లో మొదలైన జాతీయ ర్యాంకింగుల్లో కళాశాలల సైటేషన్లకూ మార్కులున్నాయి. ఏటా శరదృతువులో స్టాన్‌ఫర్డ్ మొదటి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా అంటూ జిల్లా ఎడిషన్లలో స్థానిక ఆచార్యుల ఫోటోలు పడతాయి. ఆ జాబితాను అక్కడి ఆచార్యుడు జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ లెక్కల నుంచి తయారుచేస్తుంది. అది విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదేమీ కాదు.

నమ్మదగిన పత్రికలేవో చెప్పడానికి యూజీసీ కేర్ జాబితా పెట్టి కొన్నేళ్లు నడిపింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, ఏది మంచి పత్రికో తేల్చుకునే పనిని విశ్వవిద్యాలయాలకే అప్పగించింది.